కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీ బిజినెస్ డిగ్రీకి: నా టేబుల్ దగ్గర రోజూ వినే అపోహలు

టేబుల్ మీద నా పేరు చూడగానే కొందరు తల్లిదండ్రులు ఇంగ్లీషు ఆపేసి తెలుగులోకి వచ్చేస్తారు. మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఉన్నమాట చెప్పండి మేడమ్, కమ్యూనిటీ కాలేజీలో చేరితే మావాడి చదువు అటకెక్కినట్టేనా?" పక్కన పిల్లాడు నేలచూపులు చూస్తుంటాడు. కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగ్ నా పని, అంటే మొదటి రెండేళ్ళు తక్కువ ఫీజుతో ఇక్కడ చదివి మూడో ఏట యూనివర్సిటీకి మారే పిల్లలకి దారి చూపడం. బిజినెస్ చదవాలని వచ్చే పిల్లల ఇళ్ళల్లో తిరిగే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా కాలిఫోర్నియా పద్ధతి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు మీ రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోండి.

అపోహ: సీటు రానివాళ్ళు వెళ్ళే దొడ్డిదారి ఇది.

మన దగ్గర డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరతారు కదా, వాళ్ళని దొడ్డిదారిన వచ్చారంటామా? ఇదీ అలాంటిదే. ఇక్కడ ఎంట్రన్స్ పరీక్ష లేదు, చేరేది మూడో ఏట, అంతే తేడా. ఇద్దరు ఫ్రెష్‌మన్‌లకి (నేరుగా మొదటి ఏట చేరేవాళ్ళకి) ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని తీసుకోవాలన్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (మేమంతా యూసీ అంటాం) పెట్టుకున్న లక్ష్యం. అలా వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఈ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల పిల్లలే. శాట్ మార్కులు చూడరు. చేతికొచ్చే పట్టా మీద ట్రాన్స్‌ఫర్ అన్న మాటే ఉండదు.

డబ్బు సంగతి. రాష్ట్రంలో స్థిరపడిన కుటుంబాలకి యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు. రెండేళ్ళ చదువు, అంటే 60 యూనిట్లకి 2,760. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరు. యూసీలో ఒక్క ఏడాదికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు కలిపితే 14 వేల డాలర్లు దాటుతుంది. నలుగురికీ ఏం చెప్పుకోవాలన్న బెంగ పక్కన పెడితే లెక్క ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది.

అపోహ: బిజినెస్‌లో చేరాలంటే బిజినెస్ క్లాసులు ఎన్ని తీసుకుంటే అంత మంచిది.

ఎక్కువమంది పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఒక అబ్బాయి నాలుగో సెమిస్టర్‌లో మొదటిసారి నా దగ్గరికొచ్చాడు. 3.8 జీపీఏ, మంచి మాటకారి. ట్రాన్‌స్క్రిప్ట్ తెరిస్తే మార్కెటింగ్, మేనేజ్‌మెంట్, చిన్న వ్యాపారం పెట్టడం, అమ్మకాల మెళకువలు... బిజినెస్ అన్న పేరున్న క్లాసు ఒక్కటీ వదల్లేదు. కాలిక్యులస్ లేదు, స్టాటిస్టిక్స్ లేదు, అకౌంటింగ్ సగంలో ఉంది. అతను తీసుకున్న వాటిలో చాలావరకు యూనివర్సిటీలో మూడో ఏట, నాలుగో ఏట ఎలాగూ చదవాల్సినవే. ఇక్కడ చదివినవి అక్కడ ఉత్త ఎలక్టివ్ యూనిట్లుగా జమవుతాయి, అంతకుమించి పనికిరావు.

అడ్మిషన్ వాళ్ళు వెతికేది వేరు: ఫైనాన్షియల్, మేనేజీరియల్ అకౌంటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్, కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఇంగ్లీష్ వ్యాసరచన. కొన్నిచోట్ల బిజినెస్ లా కూడా. గోడ కట్టకముందే రంగులు కొన్నట్టయింది ఆ అబ్బాయి సంగతి. ఇంకో ఏడాది ఆగాల్సొచ్చింది.

ఏ క్లాసు ఏ క్యాంపస్‌లో దేనికి సరిపోతుందో చెప్పేది అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్. మీ కాలేజీ, వెళ్ళాల్సిన క్యాంపస్, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మూడూ ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. ఎడమ పక్క యూనివర్సిటీ క్లాసు, కుడి పక్క దానికి సమానమైన మన కాలేజీ క్లాసు. మధ్యలో చిన్న అక్షరాల్లో ఉండే 'అండ్', 'ఆర్' దగ్గరే పిల్లలు బోల్తా పడతారు. ఉదాహరణకి డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి, అంటే రెండు సెమిస్టర్లకి బదులు ఏడాదికి మూడు చిన్న టర్ములు. సెమిస్టర్ కాలేజీలో రెండు క్లాసులుగా చెప్పే అకౌంటింగ్ అక్కడ 1ఏ, 1బీ, 1సీ అని మూడు ముక్కలు. మధ్యలో 'అండ్' ఉందంటే మూడూ పూర్తయితేనే లెక్క. రెండు ముక్కలు అక్కడ చదివి, మూడోదానికి ఇంటి దగ్గరున్న సెమిస్టర్ కాలేజీలో చేరితే అతుకు కుదరక మళ్ళీ మొదటికొచ్చిన వాళ్ళున్నారు. రెండు మూడు కాలేజీల్లో క్లాసులు తీసుకోవడం తప్పేమీ కాదు. ఒక వరసలో మొదలుపెట్టినవి మాత్రం ఒకేచోట ముగించండి.

పట్టిక ప్రింట్ తీసి పెన్నుతో టిక్కులు పెట్టుకోమంటాను. ఫోన్‌లో చూసినవాళ్ళకి ఆ 'అండ్' కనబడదు, ఎందుకో మరి.

అపోహ: బిజినెస్ మేజర్ అంటే ఎక్కడైనా ఒకటే.

యూసీఎల్‌ఏలో (యూసీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో) బ్యాచిలర్స్ స్థాయిలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ లేనే లేదు. అక్కడున్నది ఎకనామిక్స్ విభాగం నడిపే బిజినెస్ ఎకనామిక్స్. అక్కడి బిజినెస్ స్కూల్ ఆండర్సన్ పేరు విని వచ్చేవాళ్ళు ఈ మాటకి మొహం చిన్నబుచ్చుకుంటారు. మిగతా యూసీ క్యాంపస్‌లు చూస్తే, శాంటా క్రూజ్‌లో బిజినెస్ మేనేజ్‌మెంట్ ఎకనామిక్స్, డేవిస్‌లో మేనేజీరియల్ ఎకనామిక్స్, శాంటా బార్బరాలో ఎకనామిక్స్ అండ్ అకౌంటింగ్. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అన్న పేరుతోనే కావాలంటే బర్కిలీ, అర్వైన్, రివర్‌సైడ్. పేరు మారితే ముందు చదవాల్సిన క్లాసులూ మారతాయి, లెక్కల దగ్గర మరీను.

బర్కిలీ గురించి మీ బంధువుల అబ్బాయి చెప్పింది పాతబడిపోయి ఉండొచ్చు. ఒకప్పుడు అక్కడి విద్యార్థులే రెండో ఏట హాస్ స్కూల్‌కి (బర్కిలీ బిజినెస్ స్కూల్‌కి) మళ్ళీ అప్లై చేసుకునేవారు. 2024 నుంచి హాస్ నాలుగేళ్ళ ప్రోగ్రామ్ అయింది, మొదటి ఏడాదే చేర్చుకుంటున్నారు. కమ్యూనిటీ కాలేజీ నుంచి మూడో ఏట చేరే దారి మాత్రం తెరిచే ఉంది, ఇరుకైనదే అయినా.

అపోహ: గ్యారంటీ ఉంది కాబట్టి బెంగ లేదు.

గ్యారంటీలు రెండు రకాలు. రెండింటికీ హద్దులున్నాయి. యూసీ వాళ్ళ ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఆరు క్యాంపస్‌లకే: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. అందులో ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్‌లోనే. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇవ్వవు. ఇచ్చే క్యాంపస్‌లు కూడా గిరాకీ ఉన్న కొన్ని మేజర్లని పక్కన పెడతాయి, కాబట్టి ఆ ఏడాది జాబితా చూడందే ఎవరి మాటా నమ్మొద్దు.

రెండోది కాల్ స్టేట్ యూనివర్సిటీలకి (యూసీ కాక రాష్ట్రంలో ఉన్న ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థకి) వెళ్ళే ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ, 2010లో చేసిన చట్టంతో వచ్చింది. దీంతో ఆ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. అది శాన్ హోసే స్టేటే అవుతుందని ఎవరూ రాసివ్వలేదు.

అపోహ: తక్కువ గ్రేడ్ వస్తే మళ్ళీ రాసి సరిచేసుకోవచ్చు.

ఇంటర్‌లో ఇంప్రూవ్‌మెంట్ రాసిన తల్లిదండ్రులు పిల్లలకి చెప్పే ధైర్యం ఇది. ఇక్కడ సి వచ్చిందంటే ఆ క్లాసు అయిపోయినట్టే, మార్కు పెంచుకోవడానికి మళ్ళీ తీసుకోనివ్వరు. డీ, ఎఫ్ వస్తేనే రెండో అవకాశం. కాలిక్యులస్ మొదటి మిడ్‌టర్మ్‌లోనే మునుగుతున్నట్టు అనిపిస్తే గడువులోగా డబ్ల్యూ (విత్‌డ్రా, అంటే క్లాసు మధ్యలో వదిలేయడం) తీసుకోవడం నయం. ఒక్క డబ్ల్యూతో ఎవరి కొంపా మునగదు.

అపోహ: నవంబర్‌లో అప్లికేషన్ పెట్టేశాం, ఇక పనేమీ లేదు.

జనవరిలో యూసీ వాళ్ళు అప్‌డేట్ అడుగుతారు. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్‌లో తీసుకున్న క్లాసులు అందులో నింపాలి. ఆ ఈమెయిల్ తెరవకుండా సంక్రాంతి సెలవుల్లో ఇండియాలో ఉండిపోయిన పిల్లని నేనెరుగుదును. సీటు వచ్చాక స్ప్రింగ్‌లో డీ తెచ్చుకుంటే ఆ సీటు వెనక్కి తీసుకోవచ్చు కూడా.

అపోహ: హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి కమ్యూనిటీ కాలేజీలో రెసిడెంట్ ఫీజు (రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఫీజు) రాదు.

కాలిఫోర్నియాలో వస్తుంది, కుటుంబం ఏడాదికి పైగా ఇక్కడ స్థిరపడి ఉన్నట్టు కాగితాలు చూపిస్తే. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం అందదు. చిక్కు 21 ఏళ్ళు నిండినప్పుడు. హెచ్-4 అక్కడితో ఆగిపోతుంది, చాలామంది ఎఫ్-1కి (విద్యార్థి వీసాకి) మారతారు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళని ఫీజుల విషయంలో బయటివాళ్ళ కిందే లెక్కిస్తారు. ఆ పుట్టినరోజు ట్రాన్స్‌ఫర్ అయ్యే ఏడాదిలో పడిందంటే బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది. అందుకే మొదటి రోజే పుట్టిన తేదీ అడుగుతాను. లాయర్‌తో, కాలేజీ రెసిడెన్సీ ఆఫీసుతో ఏడాది ముందే మాట్లాడి ఉంచుకోమంటాను.

మొన్న వచ్చిన తల్లి ఇదంతా ఓపిగ్గా విని, లేవబోతూ ఆగింది. "ఇంతకీ బర్కిలీ వస్తుందా మేడమ్?" అంది. ఆ మాట నేనే కాదు, ఎవరూ చెప్పలేరన్నాను. పట్టిక వాళ్ళవైపు తిప్పాను. ఏడు గడుల్లో ఆరింటికి టిక్కులున్నాయి, రెండో కాలిక్యులస్ గడి ఖాళీ. మా దగ్గర ఆ క్లాసు నిండిపోయింది. ఫ్రీమాంట్‌లోని కాలేజీలో సమ్మర్‌కి ఇంకా సీట్లున్నాయి. కాలేజీ మారితే వరస అతుకుతుందో లేదో, ఆ కాలేజీ పేరుతో అసిస్ట్‌లో ఇంకోసారి వెతికి చూడమన్నాను. అప్పటిదాకా నేల చూస్తున్న పిల్లాడు జేబులోంచి ఫోన్ తీసి, "అమ్మా, ఆ పెన్ను ఇలా ఇవ్వు" అన్నాడు.