షుగర్ లేనివాళ్లకే ఈ క్యాంపు: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఊళ్లలో షుగర్ నివారణ కార్యక్రమాలు నడుపుతుంటాను. గోలీలు ఇవ్వడం మా పని కాదు, వాటి అవసరం పడకుండా చూడటం. ఊళ్లలో తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: "నాకు షుగర్ లేదు, నేనెందుకు రావాలె?"

వాస్తవం: మేం పిలిచేది మిమ్మల్నే. పరగడుపున రక్తంలో గ్లూకోజ్ 126 (మి.గ్రా./డె.లీ.), ఆపైన వస్తే షుగర్. 100 నుంచి 125 మధ్య ఉంటే బార్డర్, అంటే షుగర్‌కు ముందు దశ. బార్డర్‌లో చాలామందికి దాహం, నీరసం లాంటివేమీ ఉండవు. కొందరు టిఫిన్ తిని వచ్చి, వేలు పొడిపించుకుని, "నార్మల్ వచ్చింది" అని సంబరంగా వెళ్లిపోతారు. దాంతో బార్డర్ తేలదు. కనీసం 8 గంటలు ఏమీ తినకుండా రండి. లేదా రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోండి, అందులో 5.7 నుంచి 6.4 శాతం వస్తే బార్డరే.

అపోహ: "వ్యవసాయం చేసేటోళ్లకు రాదు."

వాస్తవం: ఏ వ్యవసాయం? కోతకు హార్వెస్టర్, కలుపుకు మందు, పొలం దాకా బైకు. టేపుతో నడుము కొలిస్తే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. టేపు తీయగానే పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్లే ఎక్కువ!

అపోహ: "తెలంగాణ సోనా తింటున్నం, ఇంక భయం లేదు."

వాస్తవం: దుకాణాల్లో 'షుగర్ బియ్యం' అని అమ్మే ఆర్‌ఎన్‌ఆర్ 15048 వరి రకం ఇదే. మామూలు సన్నబియ్యం కంటే నయమే, రక్తంలో గ్లూకోజ్ కాస్త నిదానంగా పెరుగుతుంది. కానీ ఆ ధైర్యంతో మారు వడ్డించుకుంటే లాభమంతా పోయినట్టే. జొన్నరొట్టె సంగతీ అంతే. రెండు రొట్టెలు, కూర ఎక్కువ పెట్టుకుని తింటే మంచిదే. రొట్టెల మీద మళ్లీ పళ్లెం నిండా అన్నం ఎందుకు?

అపోహ: "ఒక్కసారి క్యాంపు పెట్టి చెప్తే చాలు."

వాస్తవం: ఇది జనం మాట కాదు, ఎక్కువగా మీటింగుల్లో వినబడేది. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టారు. ఆ గుంపులో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మన దేశంలో చేసిన అధ్యయనంలో ఆ తగ్గుదల 28 శాతం పైచిలుకు. రెండు చోట్లా ఒక్క ఉపన్యాసంతో వదిలేయలేదు, నెలల తరబడి వెంటపడ్డారు. మా ఊళ్లలో ఆ వెంటపడే పనికి మహిళా సంఘం మీటింగే సరైన చోటు. "పనిలేక తిరుగుతున్నదా" అంటారని ఒంటరిగా నడవడానికి సిగ్గుపడే ఆడవాళ్లు పదిమంది కలిస్తే కాలువ కట్ట మీద నిక్షేపంగా నడుస్తారు. మగవాళ్లను రప్పించడమే కష్టం. వాళ్ల కోసం టీ హోటల్ దగ్గరికే వెళ్తాం, అక్కడ చక్కెర తగ్గించమంటే హోటలాయన ముఖం మాడ్చుకుంటాడు.

అపోహ: "కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పుతో పోయింది."

వాస్తవం: పోయినా, ముందు ముందు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు ఒకసారి, తర్వాత ఏటా పరీక్ష చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు షుగర్, బీపీ లాంటివాటి ముప్పు ఎంతుందో చూసే ఫారం నింపడానికి ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది. మీకు అంత వయసు లేకపోయినా, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందన్న మాట ఆమె చెవిన వేయండి.