వంశధారలో చలికాలపు గాలం: అపోహలు – వాస్తవాలు

కార్తీకం వెళ్ళేసరికి ఒడిశాలోని గుణుపూర్, కాశీనగర్ రేవుల్లో వంశధార నది తేటపడుతుంది. ఎర్రనీరు పోయి అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే చాలామంది గాలం కర్ర అటకెక్కించేస్తారు. దానికి చెప్పే కారణాల్లో నిజం కొంచెమే.

అపోహ: చలికి చేప ఎర ముట్టదు.

ముడుతుంది. కాకపోతే తక్కువ ముడుతుంది, తన వేళకి ముడుతుంది. చేప ఒంటికి సొంత వేడి లేదు. నీళ్ళు ఎంత చల్లనైతే ఒళ్ళూ అంత చల్లన, అరుగుదలా అంత నెమ్మది. రోహు, బొచ్చె (ఇక్కడి ఒడియావాళ్ళకి రోహి, భాకుర) 25 నుంచి 30 డిగ్రీల నీటిలో బాగా మేస్తాయి. నీరు 20కి దిగితే మేత బాగా పడిపోతుంది.

అందుకే తెల్లారకముందే మఫ్లరు చుట్టుకుని రేవుకి పోవడం శుద్ధ దండగ. రోజంతటిలో నీరు బాగా చల్లగా ఉండేది పొద్దు పొడిచే వేళే. పదకొండుకి వెళ్ళి మూడున్నరకి లేవండి. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు గట్టు వారనే ఎండ ఎక్కువసేపు నిలుస్తుంది. దక్షిణపు గట్టున చెట్లుంటే ఆ వార నీరు రోజంతా నీడలోనే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే థర్మామీటరుకి దారం కట్టి, మోకాలి లోతులో రెండేసి నిమిషాలు ఉంచి రెండు గట్లనీ పోల్చి చూడండి.

అపోహ: చలికాలంలో చేపంతా లోతు మడుగులోనే.

పొద్దున్న అంతే. మధ్యాహ్నానికి లోతు తక్కువ నీరు ముందు వేడెక్కుతుంది, చేప అటు జరుగుతుంది. ఒరవడి, నిలకడ నీరు కలిసే గీత చూసుకుని, నడుం లోతులో నిలకడ వైపు వెయ్యండి.

అపోహ: పెద్ద గాలపు ముల్లు, పెద్ద ఎర ముద్ద, పెద్ద చేప.

చలికాలపు వేట ఎక్కువగా చెడేది ఇక్కడే. ముందు నంబర్ల తికమక తీర్చుకోవాలి. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. 6 కంటే 12 చిన్నది. 1 దాటి 1/0, 2/0 అన్నాక మళ్ళీ పెద్దవవుతాయి. పెద్దదనుకుని 12 అడిగి కొనుక్కుని, ఇంటికొచ్చాక కొట్టువాణ్ణి తిట్టుకునేవాళ్ళున్నారు. రోహుకి ఈ నెలల్లో 10వ నంబరు, దానికి శనగగింజంత ముద్ద చాలు.

పిండికి పాళ్ళు ఇవి: దోరగా వేయించి దంచిన వేరుశనగ చెక్క రెండు పాళ్ళు, గోధుమపిండి ఒక పాలు, తడపడానికి గోరువెచ్చని నీళ్ళు. గోధుమపిండి ఎక్కువైతే ముద్ద చల్లటి నీటిలో రబ్బరులా బిగుసుకుని, ముల్లు మొన బయటికి రాదు. వాసన కోసం నెయ్యి కలిపే అలవాటు ఉంది, చలికాలంలో మానేయండి. నెయ్యి గడ్డకట్టి వాసనని లోపలే పట్టేస్తుంది. నది నీళ్ళు గ్లాసులో పట్టి ముద్ద వేసి చూడండి. పది నిమిషాలు నిలిచి, ఆ తరవాత అంచుల నుంచి విచ్చుకుంటే సరైన పాకం. ముందుమేత (చేపని చేర్చడానికి నీళ్ళలో చల్లేది) కూడా గుప్పెడే, అరగంటకోసారి. కిలో కుమ్మరిస్తే అది తిని చేప పక్కకి పోతుంది, అరిగేదాకా ఇటు చూడదు.

తంగూసు (గాలం దారం) సంగతి. తేట నీటిలో లావు తంగూసు చేపకి కనిపిస్తుంది. ముల్లు దగ్గరి మూరెడు 0.20 మి.మీ. వాడండి. తెగుతుందని భయం అక్కర్లేదు, తెగేది ఎక్కువగా ముడి దగ్గరే. అయిదు చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి తంగూసు పిలకలా మెలి తిరుగుతుంది, సగం బలం అక్కడే పోతుంది. రీలు బ్రేకుని స్ప్రింగు కాటాతో సరిచూసుకోండి. తంగూసు చుట్ట మీద 3 కిలోలని ఉంటే 750 గ్రాముల లాగుడుకే తంగూసు వదలాలి.

అపోహ: బెండు మునిగితేనే లాగాలి.

చలికాలంలో మునిగేదాకా చూస్తే ముద్ద పోయి ముల్లు మిగులుతుంది. జీలుగు బెండుని సన్నగా చెక్కి, కొన అర సెంటీమీటరే పైకి కనిపించేలా సీసం గుండ్లు కట్టండి. ఆఖరి గుండు ముల్లుకి నాలుగు వేళ్ళ దూరంలో, నేలకి ఆనాలి. చేప ముద్ద నోట పెట్టుకుని తల ఎత్తగానే ఆ గుండు నేల విడుస్తుంది, దాని బరువు బెండు మీద నుంచి పోతుంది. అప్పుడు బెండు మునగదు, పైకి లేస్తుంది, ఒక్కోసారి పక్కకి పడుకుంటుంది. మణికట్టు విదల్చాల్సింది ఆ క్షణాన. భుజం దాకా లేపక్కర్లేదు.

అపోహ: ఫ్లై కర్ర (ఈకతో చేసిన పురుగు బొమ్మని విసిరే గాలం కర్ర) కొంటే ఇక్కడా ట్రౌట్ (చల్లనీళ్ళ చేప) పట్టొచ్చు.

వంశధారలో ట్రౌట్ లేదు, బతకదు కూడా. నీరు 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. మన దేశంలో దాని చోటు హిమాలయాల వాగులు, నీలగిరులు, మున్నార్. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. చలిలో వేట అనుమతి ఉన్న దేశాల్లో 18 నుంచి 22 నంబరు ముల్లుకి దారం, ఈక చుట్టిన పురుగు బొమ్మని అడుగు వార నెమ్మదిగా కొట్టుకుపోనిస్తారు, అదీ మధ్యాహ్నమే. చేప మారినా లెక్క మనదే.

కర్ర ఇప్పటికే కొనేసి ఉంటే 4వ నంబరు దారం, 14 ముల్లుతో పరిగెల మీద ప్రయత్నించండి, సరదాగానే ఉంటుంది. కాకపోతే ఈక ముల్లుకి బరువుండదు, దూరం తీసుకెళ్ళేది దారం బరువే. దారం వెనక్కి పూర్తిగా సాగాలి కాబట్టి వీపు వెనక పది మీటర్లు ఖాళీ కావాలి. మన గట్ల మీద తుప్పలు చూస్తే అదే కష్టం.

అపోహ: ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఐసు పెట్టాలి.

తిరగబడ్డ వైద్యం. ఇంగిలాయి (సింగి), జెల్లల ముళ్ళ విషం వేడికి విరుగుతుంది. చెయ్యి కాలనంత వేడి నీళ్ళలో, సుమారు 45 డిగ్రీల్లో, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. వేడి సరిచూడాల్సింది గుచ్చుకోని చేత్తో, మొద్దుబారిన చేతికి కాలేది తెలియదు. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పైకి పాకినా ఆస్పత్రికి వెళ్ళి ధనుర్వాతం టీకా కూడా అడగండి.