బ్రెగ్జిట్: నలభై ఏళ్ళు నానిన గొడవ

2019 సెప్టెంబర్‌లో బ్రిటన్ పార్లమెంట్ హడావిడిగా ఒక చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ (ఈయూ)తో ఒప్పందం లేకుండా బయటకి వెళ్ళడానికి వీల్లేదు, అక్టోబర్ 19 లోపు ఏదీ కుదరకపోతే ప్రధానమంత్రే గడువు పెంచమని లెటర్ రాయాలి అని. అందరూ దాన్ని బెన్ యాక్ట్ అనేవాళ్ళు, ఎందుకంటే తెచ్చింది హిలరీ బెన్ అనే లేబర్ ఎంపీ. ఈయన నాన్న టోనీ బెన్, 1975లో మంత్రిగా ఉంటూనే యూరప్ కూటమిలోంచి వచ్చేద్దామని ప్రచారం చేసిన మనిషి, అసలు ఈ విషయం మీద జనాన్నే ఓటు అడగాలని ముందు నుంచీ పట్టుబట్టినవాళ్ళలో ఆయనే ముఖ్యుడు. తండ్రీ కొడుకులు ఇద్దరిదీ ఒకే పార్టీ. బ్రెగ్జిట్ (ఈయూలోంచి బ్రిటన్ బయటకి రావడం) అంటే కన్జర్వేటివ్‌లు ఒకవైపు లేబర్ ఒకవైపు కొట్టుకున్నారు అనుకునేవాళ్ళకి ఆ లెక్క ఎందుకు కుదరదో ఈ ఒక్క ఇంటిని చూస్తే తెలిసిపోతుంది.

మనవాళ్ళలో చాలామందికి బ్రెగ్జిట్ అంటే 2016, ఎర్ర బస్సు, బోరిస్ జాన్సన్ జుట్టు, అంతవరకే గుర్తు. కానీ ఈ పంచాయితీ అసలు చేరకముందు నుంచే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మళ్ళీ కొట్టుకోకుండా ఉండాలంటే యుద్ధానికి కావాల్సిన బొగ్గు, ఉక్కు రెండూ ఉమ్మడి అజమాయిషీలో పెట్టాలని 1951లో ఆరు దేశాలు సంతకాలు చేసాయి, దాని మీదే 1957లో రోమ్ ఒప్పందం, కామన్ మార్కెట్. బ్రిటన్‌ని రమ్మన్నా రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు, యుద్ధంలో గెలిచిన దేశం, మాకు కామన్వెల్త్ ఉంది, అమెరికా ఉంది, మీతో మాకేంటి అన్న ధోరణి. చర్చిల్ 1946లో జ్యూరిచ్‌లో యూరప్ అంతా ఒక్కటవ్వాలని గొప్పగా మాట్లాడాడు కానీ అందులో బ్రిటన్‌ని మాత్రం బయట నుంచి ఆశీర్వదించే పెద్దమనిషి పాత్రలోనే పెట్టాడు.

తర్వాత పదేళ్ళలో సీన్ మారిపోయింది. 1956 సూయజ్ వ్యవహారంలో పరువు పోయింది, వలసలు ఒక్కొక్కటీ స్వతంత్రం అయిపోయాయి, ఆ ఆరు దేశాలేమో బ్రిటన్ కన్నా జోరుగా పెరుగుతున్నాయి. 1961లో ప్రధాని మాక్మిలన్ మమ్మల్నీ చేర్చుకోండి అని అప్లికేషన్ పెట్టాడు. అప్పుడు భయపడ్డవాళ్ళలో మనమూ ఉన్నాం, ఎందుకంటే కామన్వెల్త్ దేశాల సరుకుకి బ్రిటన్‌లో ఉన్న సుంకం రాయితీలు యూరప్‌లో చేరితే పోతాయి, మన టీ, బట్టలు ఏమవ్వాలి అని ఢిల్లీలో ఆందోళన. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ మాత్రం 1963 జనవరిలో ప్రెస్ మీట్ పెట్టి మరీ వద్దన్నాడు. ఇంగ్లండ్ ద్వీపం, సముద్రం మీద బతికే దేశం, దాని వ్యాపారం దూరదేశాలతో, మాతో పొసగదు అని ఆయన వాదన. 1967లో లేబర్ ప్రధాని విల్సన్ మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నాడు. తర్వాత రోజుల్లో బయటకి పోవాలన్న బ్రిటన్ నాయకులు చెప్పిన మాటలు, డి గాల్ చెప్పిన మాటలు పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఏ పక్షమో అర్థం కాదు, నాకైతే నవ్వొస్తుంది.

డి గాల్ దిగిపోయాక కన్జర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ హయాంలో 1973 జనవరి 1న ఐర్లండ్, డెన్మార్క్‌లతో పాటు బ్రిటన్ చేరింది. అది కూడా అంత సాఫీగా ఏం జరగలేదు, దానికి కావాల్సిన బిల్లు 1972 ఫిబ్రవరిలో సెకండ్ రీడింగ్‌లో (బిల్లు మీద మొదటి పెద్ద ఓటింగ్) 8 ఓట్ల మెజారిటీతో బయటపడింది, హీత్ సొంత ఎంపీలే ఎదురు తిరిగితే లేబర్‌లో యూరప్ అంటే ఇష్టమున్న కొందరు పరోక్షంగా కాపాడారు. రెండు పార్టీలూ అడ్డంగా చీలిపోవడం అప్పటి నుంచే కనిపిస్తుంది.

ఇక్కడ రెఫరెండం (జనాన్నే నేరుగా ఓటు అడగడం) సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2016ని అర్థం చేసుకోవాలంటే 1975 తెలియాలి. బ్రిటన్‌లో అంతకుముందు దేశం మొత్తం మీద రెఫరెండం అన్నదే లేదు, పార్లమెంటే సర్వాధికారి, జనం ఎంపీల్ని ఎన్నుకుంటారు, ఎంపీలు తేలుస్తారు, అంతే. కానీ లేబర్ పార్టీలో యూరప్ మీద కొట్లాట ముదిరిపోయింది, లెఫ్ట్ వర్గం దృష్టిలో కామన్ మార్కెట్ పెట్టుబడిదారుల క్లబ్బు. టోనీ బెన్ రెఫరెండం పెడదాం అన్నప్పుడు మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, లేబర్ నాయకుడు జేమ్స్ కాలహన్ మాత్రం అది చిన్న రబ్బరు తెప్ప లాంటిది, ఏదో ఒకరోజు మనమంతా ఎక్కాల్సి వస్తుంది అన్నట్టు మాట్లాడాడు. అలాగే ఎక్కారు. విల్సన్ 1974లో మళ్ళీ గెలిచి షరతులు కొంచెం సవరించుకుని, 1975 జూన్ 5న జనాన్ని ఉండాలా వద్దా అని అడిగాడు, మంత్రులు ఎవరికి నచ్చిన వైపు వాళ్ళు ప్రచారం చేసుకోవచ్చని వదిలేసాడు. 67 శాతం ఉండాలన్నారు. పార్టీ నిలిచింది, విల్సన్ గట్టెక్కాడు.

అప్పటి బొమ్మ చూస్తే తమాషాగా ఉంటుంది. యూరప్ జెండాల స్వెటర్ వేసుకుని ఉందాం అని ప్రచారం చేసింది ఎవరో కాదు, అప్పటి కన్జర్వేటివ్ నాయకురాలు, తర్వాత ప్రధాని అయిన మార్గరెట్ థాచర్. బయటకి పోదాం అన్న ఒకే వైపు టోనీ బెన్, మైకేల్ ఫుట్ లాంటి లెఫ్ట్ వాళ్ళూ ఉన్నారు, వలసల మీద నిప్పులు కక్కిన ఈనాక్ పావెల్ కూడా ఉన్నాడు. స్కాట్లండ్ జాతీయవాదులు వద్దన్నారు. ఇంగ్లండ్ అన్నిటికన్నా ఎక్కువగా ఉందామంది. సన్ పేపర్ ఉందామంది. 2016 వచ్చేసరికి ఇవన్నీ తలకిందులయ్యాయి.

తలకిందులు ఎలా అయ్యాయంటే, 1983లో లేబర్ మేనిఫెస్టోలో బయటకి వచ్చేస్తాం అని రాసుకుని మరీ చిత్తుగా ఓడిపోయింది, ఆ ఎన్నికల్లోనే మొదటిసారి ఎంపీలు అయినవాళ్ళు టోనీ బ్లెయిర్, జెరెమీ కార్బిన్. తర్వాత యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ 1988లో బ్రిటన్ కార్మిక సంఘాల సభకి వచ్చి యూరప్ అంటే వ్యాపారం ఒక్కటే కాదు, కార్మికుల హక్కులు కూడా అని చెప్పాడు. థాచర్ దెబ్బకి చితికిపోయి ఉన్న యూనియన్లకి ఆ మాట ప్రాణం లేచొచ్చినట్టు అయింది. అదే నెలలో థాచర్ బెల్జియంలోని బ్రూజ్ ఊర్లో మాట్లాడుతూ మా దగ్గర ప్రభుత్వ పెత్తనం తగ్గించుకున్నది బ్రస్సెల్స్ (యూరప్ కూటమి ఆఫీసులున్న ఊరు) నుంచి కొత్త పెత్తనం తెచ్చుకోవడానికి కాదు అంది. 1986లో సింగిల్ మార్కెట్‌కి ఓకే అన్నది కూడా ఆవిడే, కాకపోతే ఒకే మార్కెట్ అంటే ఒకే రకం రూల్స్ కావాలి, ఆ రూల్స్ ఎవరో ఒకరు చెయ్యాలి, ఆ తీగ లాగితే డొంక ఎక్కడిదాకా కదులుతుందో అప్పుడు ఎవరికీ పట్టలేదు. మొత్తానికి లేబర్ యూరప్ వైపు జరిగింది, కన్జర్వేటివ్ పార్టీ దూరం జరగడం మొదలైంది. 1990లో యూరప్ గొడవ మీదే ఉప ప్రధాని జెఫ్రీ హౌ రాజీనామా చెయ్యడం, అది పెరిగి థాచర్ పదవికే ఎసరు రావడం తెలిసిందే.

1992 సెప్టెంబర్ 16ని బ్లాక్ వెన్స్‌డే అంటారు. పౌండ్ విలువని జర్మన్ మార్క్‌తో కట్టేసి ఉంచే ఏర్పాటులో బ్రిటన్ ఉంది, జార్జ్ సోరోస్ లాంటివాళ్ళు పౌండ్ పడుతుందని పందెం కాసారు, ప్రభుత్వం ఒక్కరోజులో వడ్డీ రేటు 10 నుంచి 12కి పెంచి, 15 చేస్తాం అని కూడా ప్రకటించి, సాయంత్రానికి చేతులెత్తేసి ఆ ఏర్పాటులోంచే వచ్చేసింది. కన్జర్వేటివ్‌లకి ఆర్థిక వ్యవహారాలు తెలుసు అన్న పేరు ఆ రోజుతో పోయింది. అప్పటి ఆర్థికమంత్రి దగ్గర సలహాదారుగా ఉన్న కుర్రాడి పేరు డేవిడ్ కామెరాన్. అదే టైంలో మాస్ట్రిక్ట్ ఒప్పందం వచ్చింది, కామన్ మార్కెట్ కాస్తా యూరోపియన్ యూనియన్ అయింది, ఒకే కరెన్సీ, పౌరసత్వం ఇలాంటి మాటలు మొదలయ్యాయి. థాచర్ తర్వాత ప్రధాని అయిన జాన్ మేజర్ యూరో నుంచి మినహాయింపు తెచ్చుకున్నా సొంత ఎంపీలు నెలల తరబడి చుక్కలు చూపించారు. మేం 1975లో ఓటేసింది వ్యాపారానికి, ఇది వేరే సరుకు, మమ్మల్ని అడగలేదు అన్న కోపం జనంలో కూడా ఉంది, ఆ కోపం అన్యాయమైందని నేను అనను. ఈయూలోంచి వచ్చేయాలన్న యూకిప్ పార్టీ 1993లోనే పుట్టింది. బ్రస్సెల్స్‌లో డైలీ టెలిగ్రాఫ్ విలేఖరిగా ఉన్న బోరిస్ జాన్సన్ ఈయూ వాళ్ళ రూల్స్ మీద వెటకారం కథనాలు రాసి పేరు తెచ్చుకుంది కూడా ఆ రోజుల్లోనే.

అయినా అప్పటిదాకా ఇదంతా లండన్ రాజకీయ నాయకుల రచ్చ. మామూలు జనం దాకా వచ్చింది 2004 తర్వాత. ఆ ఏడాది మే నెలలో పోలండ్, లిథువేనియా లాంటి 10 దేశాలు చేరాయి. కొత్తవాళ్ళు పనికి రావడానికి కొన్నేళ్ళు ఆగాలని జర్మనీ, ఫ్రాన్స్ గేట్లు పెట్టుకున్నాయి, బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రం మొదటి రోజు నుంచే రానిచ్చాయి. ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 13,000 మంది వస్తారని ఒక అంచనా, వచ్చింది లక్షల్లో. పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పని దొరికే లింకన్‌షైర్ లాంటి చోట్ల ఊళ్ళ ముఖమే మారిపోయింది, స్కూళ్ళు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, అద్దెలు అన్నిటి మీదా ఒత్తిడి పడిందని జనం అనుకున్నారు, పైగా 2010 తర్వాత ప్రభుత్వం ఖర్చులు కోసేసింది. ఆ జిల్లాలో బోస్టన్ అనే ఊరు 2016లో 75 శాతం పైగా బయటకి అని ఓటేసింది, దేశంలో అదే ఎక్కువ.

ప్రధాని అయ్యాక కామెరాన్ 2013 జనవరిలో రెఫరెండం పెడతానని మాటిచ్చాడు. ఎందుకంటే యూకిప్ ఓట్లు తినేస్తోంది, సొంత ఎంపీలు కుదురుగా ఉండట్లేదు, విల్సన్ ఎక్కిన తెప్పే ఇదీ. కొంచెం బేరమాడి వస్తాను, జనం ఉందాం అంటారు, గొడవ సద్దుమణుగుతుంది అని లెక్క వేసుకున్నాడు. తేడా ఏంటంటే విల్సన్ వెనక దాదాపు అన్ని పేపర్లూ, ప్రతిపక్ష నాయకురాలు కూడా ఉన్నారు, కామెరాన్ వెనక సొంత పార్టీ కూడా పూర్తిగా లేదు, ఇరవై ఏళ్ళుగా యూరప్‌ని తిడుతూ వచ్చినవాళ్ళు నాలుగు నెలలు పొగిడితే ఎవరు నమ్ముతారు. బోరిస్ జాన్సన్ అయితే ఉందాం అని ఒక వ్యాసం, పోదాం అని ఒక వ్యాసం రెండూ రాసుకుని, రెండోది అచ్చుకి ఇచ్చాడు.

ప్రచారం గురించి చాలా రాసారు కాబట్టి ఎక్కువ చెప్పను. వారానికి 350 మిలియన్ పౌండ్లు ఈయూకి పోతున్నాయి, అవి మన హాస్పిటళ్ళకి ఇద్దాం అని బస్సు మీద రాసారు, రిబేటు (బ్రిటన్ కట్టే దాంట్లో దానికి ఇచ్చే తగ్గింపు) తీసేయకుండా చెప్పిన ఆ అంకె తప్పుదారి పట్టించేదని ప్రభుత్వ గణాంకాల సంస్థే చెప్పింది, అయినా బస్సు తిరిగింది. ఓటింగ్‌కి వారం ముందు జో కాక్స్ అనే ఎంపీని నడిరోడ్డు మీద చంపేసారు, ఆమె ఉండాలన్న వైపు.

మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. ఆ రెఫరెండంలో బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ పౌరులకి ఓటు ఉంది, అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకో ఐటీ ఉద్యోగానికో వెళ్ళి అక్కడ ఉంటున్న మన పాస్‌పోర్ట్ వాళ్ళు కూడా పేరు నమోదు చేసుకుంటే ఓటెయ్యొచ్చు. పదేళ్ళ నుంచి ఉంటున్న పోలండ్ వాడికి మాత్రం లేదు, ఓటు వాడి బతుకు గురించే అయినా. మనవాళ్ళలో కూడా రెండు వాదనలూ ఉండేవి, యూరప్ వాళ్ళు ఊరికే వచ్చేస్తారు మనకేమో వీసా, ఫీజులు, జీతం లిమిట్లు, ఇదెక్కడి న్యాయం అని ఒకటి, వలసలంటే మండిపడేవాళ్ళు రేపు మనల్ని మాత్రం వదులుతారా అని ఇంకోటి. యూరప్ వాళ్ళు తగ్గితే కర్రీ హోటళ్ళకి మన వైపు నుంచి వంటవాళ్ళని తెచ్చుకోవచ్చని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ లాంటివాళ్ళు ఆశ పెట్టారు, తర్వాత ఆ ఓనర్లే మమ్మల్ని మోసం చేసారని గోల పెట్టారు.

2016 జూన్ 23న 51.9 శాతం పోదాం, 48.1 శాతం ఉందాం. ఇంగ్లండ్, వేల్స్ పోదామన్నాయి, స్కాట్లండ్ 62 శాతం, ఉత్తర ఐర్లండ్ దాదాపు 56 శాతం ఉందామన్నాయి. నిస్సాన్ ఫ్యాక్టరీ ఉన్న సండర్లండ్, యూరప్‌కి కార్లు పంపి బతికే ఊరు, 61 శాతం పోదామంది. దాన్ని చూసి తెలివితక్కువ జనం అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, గనులు, ఓడల పని పోయినప్పుడు పట్టించుకోని లండన్ వాళ్ళు ఇప్పుడు వచ్చి మీకు నష్టం అని చెప్తే ఆ ఊరు వినకపోవడంలో వింతేమీ లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత. పోవడం అంటే ఏంటో బ్యాలెట్ మీద లేదు. నార్వే లాగా మార్కెట్‌లో ఉంటూ పోవడమా, కెనడా లాగా దూరంగానా, ఏ ఒప్పందం లేకుండానా? ఒక్కొక్కరి తలలో ఒక్కో బ్రెగ్జిట్. ఐర్లండ్ సరిహద్దు సంగతి ఇంకా ఘోరం, దాదాపు 500 కిలోమీటర్లు, 1998 శాంతి ఒప్పందం తర్వాత చెక్‌పోస్టులు లేకుండా జనం తిరుగుతున్న చోటు, కానీ ఇంగ్లండ్‌లో ప్రచారమప్పుడు దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు, ఆఖరికి మూడేళ్ళు పార్లమెంట్ తన్నుకున్నది దాని చుట్టూనే. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరెసా మే తెచ్చిన డీల్ 2019 జనవరిలో 230 ఓట్ల తేడాతో ఓడిపోయింది, అంత పెద్ద ఓటమి అంతకుముందు ఏ ప్రభుత్వానికీ లేదు. మార్చిలో సరే మాకేం కావాలో మేమే తేలుస్తాం అని ఎంపీలే 8 దారులు పెట్టుకుని ఓటేస్తే 8కి 8 ఓడిపోయాయి, కస్టమ్స్ యూనియన్ (బయటి సరుకుకి ఈయూతో ఉమ్మడి సుంకాలు) అన్న మధ్యదారి మళ్ళీ పెడితే 3 ఓట్లతో పోయింది. ఇక్కడ తప్పు పోదామన్నవాళ్ళదే అనలేం, రెండో రెఫరెండం కావాలని పట్టుబట్టినవాళ్ళలో కొందరు కూడా మధ్యదారికి చెయ్యి ఎత్తలేదు, దాంతో బోరిస్ ప్రధానిగా వచ్చి గట్టి బ్రెగ్జిట్ తెచ్చాడు. థెరెసా మే డీల్‌ని ఓడించిన ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీకి దక్కిందేంటంటే బ్రిటన్‌కీ వాళ్ళకీ మధ్య సముద్రంలో చెకింగులు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటకి వచ్చేసింది.

వలసలు తగ్గాయా అంటే, యూరప్ వాళ్ళు తగ్గారు, మనవాళ్ళు పెరిగారు. 2021లో పాయింట్ల పద్ధతి, చదువయ్యాక రెండేళ్ళు ఉండే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక ఏపీ, తెలంగాణ నుంచి మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళతో కన్సల్టెన్సీలు కిటకిటలాడాయి. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. మా అదుపులోకి తెచ్చుకుంటాం అని ఓటేసినవాళ్ళకి అది మండింది, 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు భార్యనో భర్తనో తీసుకెళ్ళడానికి లేకుండా చేసారు, ఆ ఏడాది ఎన్నికల్లో యూకిప్ మాజీ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఎంపీ అయ్యాడు. ఇంకోపక్క ఇండియాతో వ్యాపార ఒప్పందం మీద 2025 జూలైలో సంతకాలు అయ్యాయి, ఈయూలో ఉండి ఉంటే బ్రిటన్ సొంతంగా అది చేసుకునే వీలే లేదు.

సర్వేల్లో కొన్నేళ్ళుగా సగానికి పైగా జనం పోవడం తప్పే అంటున్నారు, కానీ 2025 దాకా మళ్ళీ చేరదాం అని కన్జర్వేటివ్, లేబర్ రెండూ అనలేదు. 2019లో రెండో ఓటు కోసం లేబర్‌లో గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఒకడైన కీర్ స్టార్మర్ 2024లో ప్రధాని అయ్యాక సింగిల్ మార్కెట్ లేదు, కస్టమ్స్ యూనియన్ లేదు, స్వేచ్ఛగా రాకపోకలు లేవు అనే చెప్పాడు. 2025 మేలో ఈయూతో సర్దుబాటుకి కూర్చుంటే మాంసం, కూరగాయల చెకింగులు తగ్గించుకుందాం అన్నదానితో పాటు యూరప్ పడవలు బ్రిటన్ నీళ్ళలో 2038 దాకా చేపలు పట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. జాలర్లేమో మమ్మల్ని అమ్మేసారు అన్నారు, సూపర్ మార్కెట్లు బాగుంది అన్నాయి.