రేసు రోజు మన సైకిల్ రోజు కాదు: టూర్ ద ఫ్రాన్స్ యాత్రలపై అపోహలు - వాస్తవాలు

జూన్ నెల మొదలైందంటే చాలు, ఒకే ప్రశ్నను పది మంది పది రకాలుగా అడుగుతారు. "అన్నా, రేసు కొండ మీదికి వచ్చేది సాయంత్రం అయిదింటికి కదా, మేము హోటల్లో టిఫిన్ చేసుకుని పదకొండింటికి సైకిలెక్కితే సరిపోదా?" హైదరాబాద్ వాళ్లూ అడుగుతారు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లూ అడుగుతారు, లండన్ నుంచీ న్యూజెర్సీ నుంచీ వచ్చేవాళ్లూ అడుగుతారు. ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పేరుమోసిన సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్ సాగే మూడు వారాలూ ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలలో సైకిల్ యాత్రలకు గైడుగా ఉండటం నా వృత్తి. ఈ ఒక్క అపోహ వల్ల ఖర్చు పెట్టిన లక్షలూ, కష్టపడి దాచుకున్న సెలవులూ, ఏడాది సాధనా ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకున్నవారిని ప్రతి జులైలోనూ చూస్తున్నాను. అందుకే మిగిలినవాటి కంటే ముందు దీని గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: రేసు వచ్చేదాకా రోడ్డు మనదే.

వాస్తవం: శిఖరం మీద ముగిసే స్టేజి, అంటే రేసులో ఒక రోజు అంచె, ఉన్న రోజున ఆ ఘాట్ రోడ్డు పూర్తిగా రేసుదే. కార్లనూ వ్యాన్లనూ ఎప్పటి నుంచి ఆపేస్తారో అక్కడి ప్రిఫెక్చర్, అంటే మన కలెక్టరేట్ వంటి కార్యాలయం, ముందుగానే ఉత్తర్వు ఇస్తుంది. ఆల్ప్ దుయేజ్ వంటి పేరున్న కొండకైతే ఆ గడువు ముందు రోజే ముగిసిపోవచ్చు. సైకిళ్లను ఇంకొంతసేపు వదులుతారు. ఆ ఇంకొంతసేపు ఎంత అన్నదే అసలు చిక్కు. జనం ఎంతమంది చేరారు, పైన వాతావరణం ఎలా ఉంది, రేసుకు ముందు వచ్చే స్పాన్సర్ల ప్రచార వాహనాలు ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి చూసుకుని, ఆ మలుపు దగ్గర నిలబడిన పోలీసు, అక్కడి మాటలో జాందార్మ్, నిర్ణయిస్తాడు. ఒక మలుపు దగ్గర వదిలినవారిని తర్వాతి మలుపు దగ్గర దింపేయడం మామూలు విషయం. అతనితో వాదించి ప్రయోజనం లేదు, వాదించడం సరి కూడా కాదు. లక్షలాది మంది నిలబడిన రోడ్డుకు ఆ పూట అతనే బాధ్యుడు.

నిర్వాహకులు ప్రతి స్టేజికీ ఒక సమయ పట్టిక ప్రకటిస్తారు. అందులో ప్రతి ఊరి పేరుకు ఎదురుగా ప్రచార వాహనాలు వచ్చే సమయం ఒక వరుసలోనూ, మూడు వేర్వేరు సగటు వేగాలకు రేసు వచ్చే సమయాలు మరో మూడు వరుసల్లోనూ ఉంటాయి. మనవాళ్లు ఆ చివరి వరుసలను చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుని బయలుదేరతారు. లెక్క రోడ్డు మూసే సమయం నుంచి మొదలు కావాలి, అది ఆ పట్టికలో ఉండదు, ఉత్తర్వులో ఉంటుంది. ప్రచార వాహనాల ఊరేగింపు రేసు కంటే దాదాపు రెండు గంటల ముందు వస్తుంది. 1930లో మొదలైన ఆ ఊరేగింపు కోసం పిల్లాపాపలతో కాచుకుని కూర్చునే ఫ్రెంచి కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, రోడ్డు అంచు అప్పటికే నిండిపోయి ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం రాజమండ్రి నుంచి ఒక విశ్రాంత లెక్చరర్ గారు, ఆయన కొడుకు వచ్చారు. వారు మా గ్రూపువారు కారు. ఆల్ప్ దుయేజ్ కింద ఉన్న బూర్ ద్వాజాన్ ఊరిలో, మేమున్న హోటల్లోనే దిగారు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర కలిసినప్పుడు, "మాస్టారూ, ఆరున్నరకు మాతో పాటే బయలుదేరండి" అని చెప్పాను. ఆయన మర్యాదగానే విని, యాత్ర ఏర్పాటు చేసిన ఏజెంటు ఇచ్చిన కాగితం తీసి చూపించారు. సైకిళ్లకు రేసు వచ్చే వరకు అనుమతి ఉంటుందని అందులో స్పష్టంగా అచ్చు వేసి ఉంది. అచ్చులో ఉన్న మాట ముందు నోటిమాట నిలబడలేదు. మరునాడు పన్నెండు దాటాక వారు కొండ మొదట్లోకి చేరేసరికి జాందార్మ్ అరచేయి ఎత్తి ఆపి, "ఆ పియే, సిల్ వూ ప్లే" అన్నాడట, అంటే దయచేసి నడిచి వెళ్లండి అని. క్లీట్స్ ఉన్న సైకిల్ బూట్లతో తారు రోడ్డు మీద ఎంత దూరం నడవగలరు? అడుగు అంతా గట్టి ప్లాస్టిక్, దాని కింద ముందు భాగంలో పొడుచుకు వచ్చిన ముక్క, ఎత్తు ఎక్కే కొద్దీ జారిపోయే మడమ. రెండు మలుపులు దాటేసరికి మాస్టారు బూట్లు విప్పి, మేజోళ్లతో ఎండలో కాలిన తారు మీద సైకిల్ తోసుకుంటూ నడిచారు. సాయంత్రం నేను చూసేసరికి ఆయన రెండు మడమలూ బొబ్బలెక్కి ఉన్నాయి. కొండ మొదట్లో రైడర్లు ఇంకా గుంపుగానే ఉంటారు కాబట్టి, మారేడుమిల్లి ఘాట్‌లో రెండేళ్లు సాధన చేసి వచ్చిన ఆయనకు ముందున్నవారు కనిపించింది నిమిషం కూడా కాదు.

ఆయన ఎవరినీ తిట్టలేదు. "బాబూ, రేపు రోడ్డు తెరుస్తారా?" అని మాత్రం అడిగారు. తెరుస్తారు, తెరిచారు. బొబ్బలకు పట్టీలు వేసుకుని ఆయన మరునాడు కొండ మొత్తం ఎక్కారు, నేను పక్కనే ఉన్నాను. అక్కడ 21 హెయిర్‌పిన్ మలుపులు ఉంటాయి, ఒక్కో మలుపు దగ్గర ఒక పలక. అంకెలు కింద 21తో మొదలై పైకి వెళ్లే కొద్దీ తగ్గుతాయి, వాటి మీద ఆ కొండపై గెలిచినవారి పేర్లు ఉంటాయి. ఆ కొండ మీద మొదటిసారి, 1952లో, గెలిచిన ఫాస్టో కోపి పేరున్న 21వ పలక దగ్గర ఆయన ఆగి, దాని మీద అరచేయి ఆనించి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు.

అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే. కొండ ఎక్కాలన్న కోరికను రేసు రోజుతో ముడిపెట్టకండి. రెండు మూడు రోజుల ముందే ఎక్కేయండి. అప్పటికే అభిమానుల క్యాంపర్ వ్యాన్లు రోడ్డు పొడవునా చేరి ఉంటాయి, రైడర్ల పేర్లు రాసిన రంగు రోడ్డు మీద మెరుస్తూ ఉంటుంది, పండగ వాతావరణమంతా మీకు దక్కుతుంది. వాన పడితే ఆ రంగు మీద చక్రం జారుతుంది కాబట్టి దాన్ని తప్పించుకుని వెళ్లండి. రేసు రోజు తెల్లవారగానే బయలుదేరి, అనుకున్న చోటు చేరాక సైకిల్ పక్కన పెట్టి, ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చోవడానికి సిద్ధపడండి. టోపీ, మూడు లీటర్ల నీళ్లు, తిండి, మామూలు చెప్పులు ఒక జత మీ సంచిలో ఉండాలి.

దిగడం ఎక్కడం కంటే పెద్ద సమస్య. మొదటివాడు గీత దాటగానే రోడ్డు తెరుస్తారని అనుకుంటారు. చివరి గుంపు అరగంట దాటాక కూడా రావచ్చు, వారి వెనక, రేసు వదిలేసినవారిని ఎక్కించుకునే, చీపురు బండి అని పిలిచే వ్యాన్, ఆ తర్వాత రేసు ముగిసిందని సూచించే వాహనం వస్తాయి. అది వెళ్లాక జనమంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. కొన్ని శిఖరాల మీద టీం బస్సులకు చోటు ఉండదు కాబట్టి, రైడర్లు కూడా నోట్లో ఈల పెట్టుకుని ఊదుతూ అదే జనం మధ్యలోంచి సైకిళ్ల మీద కిందికి వస్తారు. ఆ సమయంలో తొందరపడి దిగిన మావాళ్లు ఇద్దరు రెండు వేర్వేరు ఏళ్లలో కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నారు. ఎత్తు ఎక్కుతూ గాయపడినవారు నా గ్రూపుల్లో ఒక్కరూ లేరు. జనం పలచబడేదాకా గంటన్నర ఆగండి. దిగేటప్పుడు బ్రేకును ఆపకుండా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు, డిస్క్ బ్రేకు అయినా వేడికి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయడం ఇక్కడికి రాకముందే అలవాటు చేసుకోవాలి.

అపోహ: ఇది ఉక్కు మనుషులకే, నాలాంటివారు గ్రూపుకు భారం.

ఈ మాట అడిగేవారి గొంతులో భయం నాకు వినిపిస్తుంది, ముఖ్యంగా యాభై దాటినవారిలో, కుటుంబం నుంచి మొదటిసారి ఒంటరిగా బయటికి వచ్చే ఆడవారిలో. వారికి ధైర్యం చెప్పడానికి నేను లెక్కలే చూపిస్తాను. ఆల్ప్ దుయేజ్ 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8 శాతం పైచిలుకు, ఎక్కాల్సిన ఎత్తు సుమారు 1,100 మీటర్లు. బెంగళూరు నంది కొండ ఎక్కినవారికి ఇది దానికి దాదాపు రెట్టింపు దూరం, పైగా ఇంకా నిటారు. కానీ గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా గంటా నలభై అయిదు నిమిషాల్లో పైకి చేరతారు. ఆ వేగంతో మోకాలు నొప్పి లేకుండా తొక్కాలంటే ముందు పెడళ్ల దగ్గర 34 పళ్ల చిన్న చక్రం, వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తిలో, పెద్దదానికి 32 గానీ 34 గానీ పళ్లు ఉండాలి. వెనక పళ్లు ఎక్కువయ్యే కొద్దీ తొక్కడం తేలిక. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద కిలోమీటర్లు తొక్కే కుర్రవాడు 28 పళ్ల క్యాసెట్‌తో వచ్చి, అన్నింటికన్నా నిటారైన మొదటి రెండు కిలోమీటర్లలోనే ఊపిరంతా ఖర్చు చేసుకుని, ఆరో కిలోమీటరులో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. విజయవాడ నుంచి వచ్చిన నలభై ఏడేళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ మాత్రం 34 పళ్ల క్యాసెట్ వేయించుకుని, ప్రతి పలక దగ్గరా ఒక గుక్క నీళ్లు తాగి, రెండు గంటల ఇరవై నిమిషాలకు నవ్వుతూ పైకి వచ్చారు. ఆవిడ కోసం గ్రూపు ఎక్కడా ఆగిపోలేదు, ఎందుకంటే వెనకవారితో ఉండటానికే ఇద్దరం గైడ్లం ఉంటాం. మోటారు ఉన్న సైకిల్ తీసుకున్నా చిన్నతనం ఏమీ లేదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ లేదు. ఎవరైనా రోడ్డు పక్క టికెట్ అమ్మితే కొనకండి. రేసు వెనకాలే సైకిల్ తొక్కనిస్తారన్నది వదంతి. రేసు దారిలో, మూసిన రోడ్డు మీద తొక్కాలని ఉంటే 1993 నుంచి సామాన్యుల కోసం విడిగా జరుగుతున్న ఎతాప్ దు తూర్‌కు పేరు నమోదు చేసుకోండి. ముగింపు గీత దగ్గరే బాగా కనిపిస్తుందన్నది కూడా తప్పు. అక్కడ అడ్డుకంచెల వెనక నాలుగు వరుసల వెనక నిలబడాలి, వాలు ఎక్కువగా ఉన్న మలుపు దగ్గరైతే రైడర్లు విడివిడిగా, నెమ్మదిగా వస్తారు. అక్కడ ఫోను పట్టుకున్న చేయి రోడ్డు మీదికి చాపకండి. 2018లో అదే ఆల్ప్ దుయేజ్ మీద ఒక ప్రేక్షకుడి కెమెరా పట్టీ తగులుకుని విన్సెంజో నిబాలి పడిపోయాడు, వెన్నుపూస విరిగి రేసు నుంచే తప్పుకున్నాడు.

జులై కాబట్టి చలి ఉండదనుకోవడం ప్రమాదం. 2019 జులై 26న ఇజెరాన్ కనుమ అవతల వడగళ్లు పడి, కొండచరియ విరిగి, రేసునే మధ్యలో ఆపేశారు. 2016 జులై 14న మోన్ వాంతూ కొండ పైన గాలి తీవ్రత వల్ల ముగింపును ఆరు కిలోమీటర్ల కిందికి, షాలే రెనార్‌కు మార్చారు. పైన చోటు పట్టుకుని కూర్చున్నవారికి ఆ రోజు రేసు రానే లేదు. లోయలో ముప్పై డిగ్రీల ఎండ ఉన్నా, 2,642 మీటర్ల ఎత్తున్న గాలిబియే కనుమ మీద చెమట తడితో దిగడం మొదలుపెడితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టు దొరకదు. గాలి చొరబడని జాకెట్టు, నిండు చేతి గ్లౌజులు వాతావరణ సూచనతో సంబంధం లేకుండా జేబులో ఉండాలి.

ఫ్రాన్స్‌కు వెళ్లడానికి తీసుకునే షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఏదో ఒకటి కొనేసి నిశ్చింతగా ఉంటారు. ఆ పాలసీ కొండ రోడ్ల మీద సైకిల్ తొక్కడాన్ని సాహస క్రీడగా లెక్కించి మినహాయించిందేమో చదవండి, అర్థం కాకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. తిండి గురించి భయపడే శాకాహారులు కొండ ఊళ్లలో అన్నం, పాస్తా, బంగాళాదుంప, గుడ్డు, చీజు దొరుకుతాయని నమ్మవచ్చు. కాకపోతే మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, రాత్రి ఏడింటిదాకా తెరవరు. ఆవకాయ సీసా గట్టిగా మూసి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం ఇంట్లోనే వదిలి రండి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేవడం నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.