ఇష్టం లేదంటే నర్సింగ్ మానిపించెయ్యాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

దసరా సెలవులు అయ్యాక ఒకసారి, సంక్రాంతి అయ్యాక ఇంకోసారి, ఏటా ఎవరో ఒక తండ్రి స్టాఫ్ రూమ్ ముందుకొచ్చి నిలబడతాడు. "మేడమ్‌గారూ, మా పిల్లకి నర్సింగంటే ఇట్టం నేదంతంది. మానిపించేద్దారనుకుంతన్నాం." వెనకాల వీధిలోవాళ్లు చెప్పి పంపిన మాట కూడా ఉంటుంది: సేవాభావం పుట్టుకతో రావాలట, లేని పిల్లకి ఈ చదువు అబ్బదట.

శ్రీకాకుళంలో నర్సింగ్ పాఠాలు చెబుతూ నేను చూసినవాటిలో పిల్లలకి ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. ఈ మాట నమ్మి మొదటి సెమిస్టర్ మధ్యలో సీటు వదిలేస్తారు. ఏడాది పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. ఇంట్లో కూర్చున్న పిల్లకి సంబంధాలు చూడడం మొదలవుతుంది.

చేరేటప్పుడు ఇష్టంతో వచ్చేవాళ్లు ఏ బ్యాచ్‌లోనైనా తక్కువే. నీట్‌లో ర్యాంకు రాక వచ్చినవాళ్లు, మేనత్త స్టాఫ్ నర్సు కాబట్టి వచ్చినవాళ్లు, త్వరగా ఉద్యోగం వస్తుందని వచ్చినవాళ్లే మిగతా అంతా. "చిన్నప్పటి నుంచీ నర్సు కావాలని నా కల" అని అడ్మిషన్ రోజున అప్పజెప్పేవాళ్లూ ఉంటారు. వాళ్లే బాగా చదువుతారన్న భరోసా ఏమీ లేదు. చదువు మీద మనసు చాలామందికి చేరాకే పుడుతుంది, చేరాకే పోతుంది కూడా. ఎక్కడ పోయిందో పట్టుకోవాలి.

అందుకే "ఇష్టం లేదు" అన్న పిల్లని నేను "దేని మీద?" అని అడుగుతాను. కాసేపు ఏమీ మాట్లాడదు. తర్వాత అసలు సంగతి బయటికొస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల, మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్ అన్నీ ఇంగ్లీషులో మీద పడితే పేజీకి పది మాటలు తెలియక పుస్తకం మూసేస్తుంది. క్లాసులో అడిగితే నవ్వుతారని భయం. ఇంటికి ఫోన్ చేసి "అర్థం కావట్లేదు" అనడానికి సిగ్గు. "ఇష్టం లేదు" అంటే ఆ సిగ్గు ఉండదు కదా!

ఇంకొందరికి వార్డు దగ్గర విరుగుతుంది. పోస్టింగ్‌కి, అంటే ఆసుపత్రిలో పని నేర్చుకోడానికి వెళ్తే గోడ పక్కన నిలబెట్టేస్తారు, లేదంటే కేస్‌షీట్లు మోయిస్తారు. తన చేత్తో ఒక్క పనీ చేయని పిల్లకి పుస్తకం ఎందుకు తెరవాలో ఎలా తెలుస్తుంది? 500 ఎం.ఎల్. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్టు ఎం.ఎల్.కి 20 చుక్కలది. బోర్డు మీద ఈ లెక్క చెబితే సగం క్లాసు ఆవలిస్తుంది. అదే పిల్లలు మంచం పక్కన చేతి గడియారం చూస్తూ, గొట్టం మీద చుక్కల వేగం మార్చే రోలర్ సర్దుతూ నిమిషానికి 21 చుక్కలు తెచ్చారంటే ఆ లెక్క ఇక మర్చిపోరు. చేయగలనన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం స్వయంగా చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే రాశాడు. మేం సైకాలజీ పేపర్లో ఆయన పేరు చెప్పి మార్కులు వేస్తాం, వార్డులో మాత్రం పిల్లల్ని గోడకి ఆనిస్తాం.

సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రెండో ఏడాది దాకా బొటాబొటీ మార్కులతో నెట్టుకొచ్చింది. డయాలసిస్ యూనిట్లో పోస్టింగ్ పడింది. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉన్న చేతి మీద వేళ్లు పెట్టించి, లోపల రక్తం పారుతుంటే జివ్వుమని తగిలే అదురు, థ్రిల్ అంటాం, చూపించాను. ఈ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, బరువు మోయనివ్వకూడదు అని చెబుతుంటే ఆ పిల్ల ముఖం మారిపోయింది. "మేడమ్, మా చిన్నాన్న ఆ చేత్తోనే జీడిపిక్కల బస్తా ఎత్తతన్నాడు." ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసింది. ఉద్దానం పిల్లలకి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పాల్సింది ఉండదు, ఇంటింటా చూసిందే. అది తన పుస్తకంలో కూడా ఉందని ఆ అమ్మాయికి ఆ రోజు తెలిసింది. తర్వాత కిడ్నీల (రీనల్) చాప్టర్ చదవమని నేను చెప్పలేదు, పైపెచ్చు తనే నన్ను సందేహాలతో సతాయించింది.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను.

తిడితేనే చదువుతారు అనేది శుద్ధ అబద్ధం. పేషెంటు ముందు పరువు తీసిన పిల్ల మర్నాటి నుంచి తప్పు దాస్తుంది. మందు డోసు దగ్గర దాచిన తప్పు ఎక్కడిదాకా వెళ్తుందో ఇన్‌ఛార్జ్ సిస్టర్లకి నేను చెప్పాలా?

డబ్బు కోసం చేరితే మంచి నర్సు కాలేరట! ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌ది ఏడో కేంద్ర వేతన సంఘం ప్రకారం లెవెల్ 7, మూల వేతనం 44,900 రూపాయలు. దాని కోసం చదివితే తప్పేముంది? బయటి నుంచి వచ్చిన కారణం కూడా క్రమంగా సొంతమవుతుందని మనస్తత్వవేత్తలు డెసి, రయాన్‌ల సిద్ధాంతమే చెబుతోంది. అయితే ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం చాలా తక్కువ, అదీ పిల్లలకి ముందే చెప్పండి.

హాజరు ఉంటే చాలనుకోవద్దు. థియరీకి 80 శాతం కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్, అంటే వార్డు శిక్షణ నూటికి నూరూ పూర్తి చేయాలి. కానీ ఆ నిబంధన పిల్లని వార్డు దాకా తేగలదు, అంతే.

అబ్బాయిలకి నర్సింగ్ ఎందుకనేవాళ్లు ఒకసారి క్యాజువాల్టీకి వచ్చి చూడండి.

ఇక తల్లిదండ్రులకి. పిల్లని మానిపించే ముందు ఏ సబ్జెక్టు కష్టంగా ఉందో అడగండి, ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లని కలవండి, వార్డు పోస్టింగ్ ఇంకా మొదలవకపోతే అది చూసేదాకా ఆగండి. కానీ పిల్ల నిద్రపోవట్లేదు, తినట్లేదు, హాస్టల్లో ఎవరో వేధిస్తున్నారు అంటే అది చదువు మీద ఇష్టం సంగతి కాదు. అప్పుడు ఆగొద్దు, వచ్చి ఇంటికి తీసుకెళ్లండి. ర్యాగింగ్ అయితే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, మన రాష్ట్రంలో దాని మీద 1997 నుంచే చట్టం ఉంది. మనసు బాగోలేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. సీటు సంగతి తర్వాత మేం చూస్తాం.