ఉసిరికాయను వెతుక్కుంటూ: దసరా యాత్ర గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మీరు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ఈ దసరా సెలవుల్లో మన దేశపు పాత గుళ్లు, గుహలు చూస్తామని మీ అంతట మీరే అనుకున్నారంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లిస్టులో తాజ్‌మహల్, అజంతా, హంపి, కోణార్క్, తంజావూరు ఉన్నాయి. చేతిలో ఉన్నవి ఆరు రోజులు. ఒకసారి మ్యాపు పరిచి చూడండి. హైదరాబాదు నుంచి ఆగ్రాకే పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కోణార్క్ ఒక మూల, తంజావూరు ఇంకో మూల. ఇలా వెళ్తే మీరు చూసేది రైలు కిటికీనే. ప్రతి చోటా దిగడం, ఫోటో తీసుకోవడం, పరిగెత్తడం. ఇంటికొచ్చాక ఏ ఫోటో ఏ ఊరిదో మీకే గుర్తుండదు.

ఇది ఊరికే చెప్పడం లేదు. మీ అమ్మకి పదేళ్లప్పుడు నేనూ ఇలాంటి ప్లానే వేశాను. ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు. అజంతాకి సోమవారం పొద్దున్నే చేరాం. గేటు మూసి ఉంది. అజంతాకి వారంలో సెలవు సోమవారమే. మర్నాటి రైలుకి టికెట్లు కొనేసి ఉన్నాం కాబట్టి ఆగడానికి లేదు. ఆ గుర్రపునాడా ఆకారపు లోయని దూరం నుంచి చూసి వెనక్కి తిరిగాం. మీ అమ్మ బస్సులో ఏడుస్తూనే ఉంది. ఆ గుహల్లో బొమ్మల గురించి నెల రోజులుగా రోజూ రాత్రి కథ చెప్పింది నేనే. ఒక్క వారం పేరు కనుక్కోకపోవడం వల్ల పిల్లని అంత బాధపెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మీరు మాత్రం ముందు ఇది రాసి పెట్టుకోండి: అజంతాకి సోమవారం సెలవు, ఎల్లోరాకి మంగళవారం, తాజ్‌మహల్‌కి శుక్రవారం. చాలా మ్యూజియాలకి కూడా వారంలో ఒక రోజు సెలవుంటుంది. మన సాలార్‌జంగ్‌కి శుక్రవారం.

సరే, ఇక అసలు సంగతి. యాత్రకి ఊళ్ల లిస్టు వేసుకోకండి. ఒక ప్రశ్న వేసుకోండి. ఆ ప్రశ్న ఏ ఊరికి తీసుకెళ్తే ఆ ఊరికి వెళ్లండి. అప్పుడు రెండో ఊరు మొదటి ఊరిని గుర్తుచేస్తుంది, మూడోది రెండోదాన్ని. నేను మీకోసం ఒక ప్రశ్న ఆలోచించి పెట్టాను.

గుడి మీద ఉసిరికాయ ఎందుకుంది?

ఇది ఆలంపురంలో మొదలవుతుంది. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే దారిలో, తుంగభద్ర ఒడ్డున ఉంది. కారులో నాలుగు గంటల ప్రయాణం. అక్కడ నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరు బ్రహ్మదే అయినా అన్నీ శివుడి గుళ్లే. సుమారు 1300 ఏళ్ల కిందట బాదామి చాళుక్యుల కాలంలో కట్టారు. మన వైపు గుడి అనగానే మీకు గుర్తొచ్చేది అంతస్తులు అంతస్తులుగా పేర్చినట్టుండే గోపురం కదా. ఇక్కడి శిఖరాలు చాలావరకు అలా ఉండవు. నాలుగు వైపుల నుంచి మెల్లగా లోపలికి వంగుతూ ఒక్కటిగా పైకి లేస్తాయి. పైన బల్లపరుపుగా, గుండ్రంగా, చుట్టూ గాళ్లు పడిన ఒక పెద్ద రాయి కూర్చుని ఉంటుంది. ఇంట్లో ఉసిరికాయ ఉంటే చేతిలోకి తీసుకుని వేలితో చుట్టూ తడమండి. తొనలు విడిపోయేచోట సన్నటి గాళ్లు తగులుతాయి. శిఖరం మీది రాయి కూడా అలాగే ఉంటుంది. శిల్పులు దాన్ని ఆమలకం అన్నారు. ఆమలకం అంటే సంస్కృతంలో ఉసిరికాయ. శిఖరం మూలల్లో, కొంచెం కొంచెం ఎత్తులో, చిన్న చిన్న ఉసిరికాయలు కూడా ఉంటాయి. ఒక మూలన ఎన్ని ఉన్నాయో కింద నుంచి పైకి లెక్కపెట్టండి. మెడ నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

ఇలాంటి శిఖరాలున్న గుళ్లని నాగర పద్ధతి గుళ్లు అంటారు. ఉత్తరాదిన ఎక్కువ. గర్భగుడి మీద అంతస్తులుగా లేచే కట్టడాన్ని విమానం అంటారు. అది ద్రావిడ పద్ధతి, దక్షిణాదిది. మరి ఉత్తరాది శిఖరం తుంగభద్ర ఒడ్డుకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న జేబులో వేసుకుని ముందుకి కదలండి.

ఆలంపురంలో ఇంకొకటి తప్పక చూడాలి. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు నదుల కూడలిలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం నీటిలో మునిగిపోయే పరిస్థితి వచ్చింది. గుడిని రాయి రాయిగా విప్పి, తెచ్చి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఒక గోడలో ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో తప్పకుండా పేర్చడమంటే ఎంత ఓపిక కావాలో దాని ముందు నిలబడి ఊహించుకోండి. కట్టినవాళ్ల గురించి అందరూ చెబుతారు. కాపాడినవాళ్లని కూడా తలుచుకోవాలి.

ఆ రాత్రికి కర్నూలులో ఉండండి. మర్నాడు పొద్దంతా బాదామికి ప్రయాణమే, దాని గురించి చెప్పడానికేమీ లేదు. బాదామిలోనే మూడు రాత్రులు ఉండేలా గది ముందే బుక్ చేసుకోమని నాన్నకి చెప్పండి. దసరాకి జనం ఎక్కువ, హోటళ్లు తక్కువ. పట్టదకల్లు పాతిక కిలోమీటర్ల లోపే, ఐహొళె సుమారు 35 కిలోమీటర్లు. రోజూ పెట్టె సర్దుకునే పని ఉండదు. నా లెక్కలో ప్రయాణంలో సగం అలసట పెట్టె సర్దడంలోనే ఉంది.

బాదామి పాత పేరు వాతాపి. చాళుక్యుల రాజధాని. ఎర్రటి ఇసుకరాయి కొండలో తొలిచిన నాలుగు గుహలున్నాయి. మూడో గుహలో శాసనం ఉంది, దాని కాలం 578. మొదటి గుహ బయట పద్దెనిమిది చేతుల నటరాజు ఉంటాడు. ఏ రెండు చేతులు కలిపి చూస్తే ఏ నాట్యభంగిమ వస్తుందో అక్కడే నిలబడి చేసి చూడండి, ఎవరు చూసినా ఫర్వాలేదు. కోతులున్నాయి జాగ్రత్త. తినే వస్తువు చేతిలో కనిపించకూడదు.

ఇప్పుడు ఒక కథ చెబుతాను. ఇది నిజంగా జరిగింది.

చాళుక్య రాజుల్లో గొప్పవాడు రెండో పులకేశి. ఉత్తరాన హర్షవర్ధనుడినే ఆపినవాడు. 642 ప్రాంతంలో కంచి పల్లవరాజు నరసింహవర్మ దండెత్తి వచ్చి ఈ బాదామిని గెలుచుకున్నాడు. వాతాపిని జయించినవాడినని బిరుదు పెట్టుకున్నాడు. ఇక్కడి బండ మీద శాసనం కూడా వేయించాడు. సుమారు నూరేళ్లు గడిచాయి. పులకేశి వంశంలోనే రెండో విక్రమాదిత్యుడు సైన్యంతో కంచికి వెళ్లి ఆ ఊరు గెలిచాడు. పగ తీర్చుకోవాలంటే అదే సమయం. కానీ ఆయన ఊరిని పాడుచేయలేదు. అక్కడి కైలాసనాథాలయం సంపదని గుడికే తిరిగి ఇచ్చేశాడు. ఆ సంగతి కన్నడంలో ఆ గుడి స్తంభం మీదే చెక్కించాడు. ఇప్పటికీ కంచిలో ఉంది.

ఆయన రాణి లోకమహాదేవి. భర్త గెలుపుకి గుర్తుగా పట్టదకల్లులో, దాదాపు 740లో, పెద్ద గుడి కట్టించింది. దాన్ని ఇప్పుడు విరూపాక్షాలయం అంటున్నారు. ఏ పద్ధతిలో కట్టించిందో తెలుసా? ఓడించి వచ్చిన కంచి కైలాసనాథాలయం పద్ధతిలో! శత్రువు ఊళ్లో చూసిన అందాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. కట్టిన శిల్పి పేరు కూడా శాసనంలో ఉంది, గుండ. మన దేశంలో ఎన్ని వేల గుళ్లకి శిల్పి పేరే తెలియదో ఆలోచించండి. పట్టదకల్లుకి వెళ్లగానే ఆ పేరు ఒక్కసారి పైకి అనండి. నాకోసం.

ఆ కథ అక్కడితో ఆగలేదు. పదిహేనేళ్లు తిరక్కుండానే రాష్ట్రకూటులు చాళుక్యుల్ని ఓడించారు. వాళ్ల రాజు మొదటి కృష్ణుడి కాలంలో ఎల్లోరాలో కొండని పై నుంచి కిందికి చెక్కుతూ కైలాసాలయం తీర్చారు. దాని పోలిక పట్టదకల్లు విరూపాక్షంతో కలుస్తుంది. కంచి నుంచి పట్టదకల్లుకి, అక్కణ్నుంచి ఎల్లోరాకి. ప్రతిసారీ గెలిచినవాళ్లు ఓడినవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. చరిత్ర పాఠంలో యుద్ధాల తేదీలే చదివి ఉంటారు. యుద్ధాల వెనకాల ఇలాంటి రాకపోకలు కూడా జరిగాయని పట్టదకల్లు రాళ్ల మధ్య నిలబడితే తెలుస్తుంది.

ఇక మీ జేబులో ఉన్న ప్రశ్న బయటికి తీయండి. పట్టదకల్లులో విరూపాక్షం ద్రావిడ పద్ధతి. దానికి కాస్త దూరంలోనే గళగనాథాలయం. తల ఎత్తి చూడండి. ఉసిరికాయ! ఆలంపురం స్వర్గబ్రహ్మ ఆలయానికి అక్కచెల్లెలిలా ఉంటుంది. ఒకే ఆవరణలో ఉత్తరాది శిఖరం, దక్షిణాది విమానం పక్కపక్కన నిలబడి ఉన్నాయి. చాళుక్యుల రాజ్యం రెండింటి నడుమ ఉంది, రెండు వైపుల పనివాళ్లూ వచ్చారు, రెండింటినీ ఆదరించారు. 1987లో పట్టదకల్లుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ ఒక పూట చాలదు. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఉండండి. మధ్యాహ్నం ఎండకి చదునుగా కనిపించిన శిల్పాలు సాయంత్రం ఏటవాలు వెలుగులో ఎలా లేచి నిలబడతాయో చూడాలి.

బాదామిలో ఉండే ఒక సాయంత్రం ఇలకల్ చీరల మగ్గం ఎక్కడైనా చూపిస్తారేమో అడగండి. ఇలకల్ అదే జిల్లాలో ఉంది. ఆ చీర ఒంటి భాగం నూలు, కొంగు పట్టు. రెండింటి పడుగు దారాల్ని ఒక్కొక్కటిగా ఉచ్చులు వేసి కలుపుతారు. అతుకు ఎక్కడుందో వేలితో వెతికి చూడండి. వారసత్వం అంటే రాయి ఒక్కటే కాదు, ఆ చేతులు కూడా. అమ్మకి ఒక చీర కొనండి, బేరం మరీ గీచి గీచి ఆడకండి.

లిస్టులోంచి హంపిని తీసేశానని అలగకండి. దారి పక్కనే ఉంది కదా, ఒక పూట ఆగుదామని మీ నాన్న తప్పకుండా అంటారు. వద్దు. హంపి ఒక గుడి కాదు, ఒక నగరం. దానికి విడిగా నాలుగు రోజులు ఇచ్చి వెళ్దాం. కంచి వచ్చే ఏడు, ఎల్లోరా ఆపై ఏడు. వాటికి రైలే మంచిది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఇదివరకటిలా 120 రోజుల ముందు కాదు. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, లేకపోతే పండగ రోజుల్లో టికెట్ల టెన్షన్ తప్పదు.

చిన్న సంగతులు కొన్ని. కేంద్ర పురావస్తు శాఖ టికెట్ పెట్టిన చోట్ల 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, ఆధార్ కాపీ పెట్టుకోండి. మేజోళ్లు తప్పనిసరి. చెప్పులు విప్పాల్సిన చోట మధ్యాహ్నం బండ కాలిపోతుంది. ఒక టార్చి, మంచినీళ్లు, గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు. రోజుకి ఒక్క బొమ్మయినా గీయండి. ఫోటో తీస్తే చేయి పనిచేస్తుంది, బొమ్మ గీస్తే కన్ను పనిచేస్తుంది. గుర్తింపు కార్డున్న గైడుని పెట్టుకోండి. ఆయన్ని తేదీలు అడగొద్దు, ‘మీకు ఇక్కడ అన్నిటికన్నా ఇష్టమైన శిల్పం ఏది?’ అని అడగండి. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషైతే మిమ్మల్ని చేయి పట్టుకుని తీసుకెళ్తాడు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. శిల్పాల్ని తాకొద్దు. చేతి చెమట, జిడ్డు తగిలి తగిలి రాయి నల్లబడి నున్నగా అరిగిపోతుంది. పేర్లు గీకేవాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా వేయొచ్చని చట్టం ఉంది. ఎవరైనా గీకుతుంటే చూసి ఊరుకోకండి, అక్కడి కాపలా మనిషికి చెప్పండి.

చివరి రోజు ఐహొళె. వందకి పైగా గుళ్లున్న ఊరు. కొన్నిటి గోడల్ని ఆనుకునే ఇళ్లున్నాయి. అన్నీ చూడక్కర్లేదు. దుర్గ గుడి చూడండి, వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. తర్వాత మేగుటి కొండ ఎక్కండి. పైన జైన ఆలయం, దాని గోడ మీద 634 నాటి శాసనం. పులకేశి ఆస్థాన కవి రవికీర్తి రాశాడు. యుద్ధంలో హర్షుడి హర్షం పోయిందని అందులో మాటతో ఆడుకున్నాడు. తనని తాను కాళిదాసు, భారవి అంతటివాణ్ని అనుకున్నాడు. కాళిదాసు ఆ కాలానికే పేరున్న కవి అని మనకి చెప్పే గట్టి సాక్ష్యాల్లో అదొకటి.

నేను ఐహొళె వెళ్లినప్పటికే మోకాళ్లు సహకరించక కొండ కిందే కూర్చుండిపోయాను. ఆ అక్షరాలు కళ్లారా చూడలేదు. మీరు ఎక్కాక, నాకోసం మొదటి పంక్తిలో ఒక్క అక్షరం మీ నోటుపుస్తకంలో దించండి. మొత్తం ఎన్ని పంక్తులున్నాయో కూడా లెక్కపెట్టండి. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, లెక్క కలిశాకే నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య