కిటికీకి ఆ గొలుసు ఎందుకు వద్దన్నానంటే

పెద్దపాపకు, చిన్నోడికి అవ్వ రాసేది.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకటే అడిగారు. "హాల్లో బ్లైండ్లకు చైన్ ఎందుకు తీసేయించావ్ అవ్వా, అది లాగుతుంటే భలే ఉండేది కదా!" అని. చెప్పడం మొదలుపెట్టేసరికి చిన్నోడు బ్యాట్ పట్టుకుని పరుగు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఆట అయ్యాకే చదువుకోండి.

మీ చెల్లి ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. దివాన్ ఎక్కడం కూడా వచ్చేసింది. మీరంతా వచ్చిపోయే ఈ తిరుపతి ఇంటి హాల్లో దివాన్ ఉండేది పడమటి కిటికీ కింద. ఆ కిటికీ బ్లైండ్‌కు, అంటే పైకి చుట్టుకుపోయే గుడ్డ తెరకు, దాన్ని ఎత్తి దించే పూసల గొలుసు చేతికి అందేలా వేలాడుతూ ఉండేది. తిరుపతి ఎండల్లో ఆ కిటికీకి బ్లైండ్ లేకుండా కుదరదు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా టీవీ మీదికి వస్తుంది. కాబట్టి బ్లైండ్ ఉండాలి, గొలుసు మాత్రం పోవాలి.

ఆ గొలుసుకు మొదలూ చివరా లేవు, గమనించారా? చుట్టూ తిరిగి కలిసిపోతుంది. అంటే అది తెగని ఉచ్చు. చంటిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడకు బలం తక్కువ. ఆడుకుంటూ తల దూర్చి, దివాన్ మీంచి కాలు జారితే ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. మీరైతే చెయ్యి పెట్టి తీసేసుకుంటారు. ఏడాది పిల్లకు ఆ తెలివి రాదు, ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది.

మీ అమ్మ అడిగింది, "మేమందరం ఇంట్లోనే ఉంటాం కదత్తా, ఏడిస్తే వినబడదా?" అని. వినబడదు. ఏడవడానికి గాలి కావాలి. గొంతు నొక్కుకుపోయాక గాలి ఎక్కడిది? చప్పుడు లేకుండా, ఒక్క నిమిషం కూడా గడవకముందే స్పృహ తప్పుతుంది. పక్కగదిలో బట్టలు మడతపెట్టుకుంటున్న మనిషికి తెలిసే దారే లేదు. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే చాలు అనే మాట చాలా విషయాల్లో పనికొస్తుంది. ఇక్కడ పనికిరాదు. కళ్ళు కాపలా పెట్టడం కన్నా వస్తువు తీసేయడం తేలిక.

ఇది అవ్వ చాదస్తం అనుకోకండి. అమెరికాలో వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం, ఐదేళ్ళూ అంతకన్నా తక్కువ వయసు పిల్లలు ఏడాదికి సగటున తొమ్మిది మంది ఈ తాళ్ళ వల్ల చనిపోతున్నారు. 2009 డిసెంబరులో అక్కడ సుమారు 5 కోట్ల రోమన్ షేడ్లను (మడతలు పడుతూ పైకి లేచే గుడ్డ తెరలను), చుట్టచుట్టే బ్లైండ్లను ప్రమాదమని వెనక్కి పిలిచారు. 2018 డిసెంబరు నుంచి షాపులో రెడీగా దొరికే బ్లైండ్లకు తాడు అసలు లేకుండా గానీ, పిల్లల చేతికి అందకుండా గానీ, ఎనిమిది అంగుళాలకు మించకుండా గానీ ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు. కెనడా 2022లో చేతికందే తాడు 22 సెంటీమీటర్లు దాటకూడదంది. ఏడాది పిల్ల మెడ చుట్టుకోవడానికి ఆ పొడవు చాలదు.

చిన్నోడా, "మనకెందుకు, మనది అమెరికానా" అంటావు నువ్వు. మన పాత ఇళ్ళ వరండాల్లో వెదురు తెరలు వేలాడుతుంటాయే, వాటినీ తాడుతో పైకి చుట్టి కడతారు. ఆ తాడు పక్కకు జారితే అదీ ఉచ్చే. రోమన్ షేడ్ అయితే మరీ దొంగది. ముందునుంచి చూస్తే గుడ్డ ఒక్కటే కనబడుతుంది. వెనక్కి తిప్పితే పైనుంచి కిందిదాకా తాళ్ళు.

ఇప్పుడు పెద్దపాప అడిగిన ప్రశ్న. తాడు లేకుండా అది పైకి ఎలా పోతుంది?

వడ్రంగి దగ్గర స్టీలు టేపు చూశారు కదా, లాగి వదిలితే సర్రున లోపలికి పోతుంది. ఇదీ అదే జాతి. గుడ్డ చుట్టుకునే గొట్టం లోపల పొడుగాటి స్ప్రింగ్ ఉంటుంది. మీరు బ్లైండ్‌ను కిందికి లాగుతున్నంతసేపూ ఆ స్ప్రింగ్ మెలిపడుతూ ఉంటుంది. పైకి పోవడానికి కావలసిన బలం మీ చేతిలోంచే వెళ్ళి అందులో దాక్కుంటుందన్నమాట. మరి వదలగానే ఎగిరిపోకుండా ఎక్కడ ఆపితే అక్కడ ఎలా నిలుస్తుంది? పాత పద్ధతి స్ప్రింగ్ రోలర్లో, గొట్టం చివర గంట్లు ఉన్న చిన్న చక్రం, దానిలో పడే ఒక నాలుక ఉంటాయి. నెమ్మదిగా తిప్పి ఆపితే నాలుక తన బరువుకే గంటులో పడి పట్టుకుంటుంది. కొంచెం కిందికి లాగి వదిలితే నాలుక తప్పుకుని గొట్టం గిర్రున తిరుగుతుంది. ఆ వేగానికి నాలుక బయటికి విసిరినట్టయి గంటులో పడదు. మళ్ళీ నెమ్మదిస్తేనే పడుతుంది. వేగంతో ఆడుకునే ఈ తాళం నాకు భలే నచ్చింది. స్టీవర్ట్ హార్ట్‌షార్న్ అనే అమెరికా ఆయన 1864లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే తాడు లేని బ్లైండ్ కొత్త ఫ్యాషనేం కాదు, గొలుసు ఉన్నదాన్ని మనం ఊరికే భరిస్తున్నాం.

ఇప్పుడొచ్చే వాటిలో కొన్నిటికి పైకి పోయేటప్పుడు వేగం తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. మనం పెట్టించింది అలాంటిదే. మీరొచ్చినప్పుడు దాన్ని లాగేది ఎలాగో ఇప్పుడే చెబుతున్నా. కింది పట్టీని సరిగ్గా మధ్యలో పట్టుకోవాలి. ఒక మూల పట్టుకుంటే గుడ్డ వంకరగా చుట్టుకుని అంచులు చిరుగుతాయి. చిన్నోడా, వేలాడొద్దు.

షాపతను మొదట మోటార్‌ది చూపించాడు, రిమోట్ నొక్కితే చాలు అని. ఎత్తు కిటికీలకు అది మంచిదే, కాదనను. కానీ రిమోట్లో బొత్తం లాంటి బిళ్ళ బ్యాటరీ ఉంటే, దాని మూతకు స్క్రూ ఉందో లేదో చూడాలి. చంటిది ఆ బిళ్ళ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. ఒక ప్రమాదం తీసి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది. స్ప్రింగ్‌ది చాలన్నాను. పెద్ద కిటికీకి ఒకటే వెడల్పుది పెడితే బరువైపోతుంది కాబట్టి రెండు ముక్కలుగా చేయించాం.

తాడు అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. చెల్లి పడుకునే చీర ఉయ్యాల మీకు ఆటవస్తువు కాదు. అందులో కూర్చుని గిరగిరా తిరిగితే చీర మెలిపడి మెడకు బిగుస్తుంది. ఈ మాట మాత్రం నేను కోపంగానే చెబుతున్నా. స్కూల్ ఐడీ కార్డు ట్యాగుకు వెనకాల లాగితే ఊడిపోయే క్లిప్ ఉందేమో చూసుకోండి. లేకపోతే ఆడుకునేటప్పుడు తీసి బ్యాగులో పెట్టండి.

ఇక చిత్తూరులో మీ ఇంటి సంగతి. బెడ్రూములో రెండు కిటికీలకూ గొలుసులే. అవి మారేదాకా ఊయలమంచం, కుర్చీ, స్టూలు ఏదీ ఆ కిటికీల కింద ఉండకూడదు. గొలుసును ముడేసి పైన పెట్టడం చాలదు, ముడి జారుతుంది. గొలుసును సాగదీసి గోడకు బిగించే ప్లాస్టిక్ క్లిప్ వస్తుంది, స్క్రూలతో పెట్టేది. నాన్నతో చెప్పి ఈ ఆదివారమే వేయించండి.

మీ ఇద్దరికీ ఒక పని. టేపు తీసుకుని ఒక్కో కిటికీకి వెడల్పు పైన, మధ్యలో, కింద కొలవండి. మన గోడలు కంటికి తిన్నగానే కనబడతాయి గానీ మూడు కొలతలూ ఒకటిగా రావు. ఫ్రేము లోపల బిగించాలంటే అన్నిట్లోకీ చిన్న కొలతే తీసుకోవాలి, లేకపోతే తెచ్చింది అందులో పట్టదు. ఎత్తు కూడా ఎడమ, మధ్య, కుడి రాయండి. తలుపులు లోపలికి తెరుచుకుంటాయా, బయటికా, గ్రిల్ ఎటువైపు ఉందో కూడా రాయండి. అన్నీ సెంటీమీటర్లలోనే, అంగుళాలు కలపొద్దు. కాగితం ఫోటో తీసి నాన్న ఫోన్ నుంచి పంపితే ఇక్కడ మన షాపతనికే ఆర్డర్ ఇచ్చేస్తా.

మీ అవ్వ